మీ సిస్టమ్‌లో ఉన్నదానికి బిల్లుందా?

సాఫ్ట్‌వేర్ కాపీ చేసి వాడటం దొంగతనమా కాదా అన్న వాదన ఇంటర్నెట్‌లో ఏళ్ల తరబడి నడుస్తోంది. వేల కోట్ల కంపెనీకి మన రెండు వేలు ఒక లెక్కా అనేవాళ్లు ఒక పక్క, అవన్నీ తీసిపారేసి లైనక్స్‌కి మారిపొమ్మనేవాళ్లు ఇంకో పక్క. రెండు మాటల్లోనూ ఎంతోకొంత నిజముంది. అయితే విజయవాడ గవర్నర్‌పేటలో పొద్దున సిస్టమ్ ఆన్ చేసి రాత్రిదాకా శుభలేఖలు, బిల్లు బుక్కులు, ఫ్లెక్సీలు, స్కూలు గైడ్లు కంపోజ్ చేసే ఆపరేటర్‌కి ఆ వాదన తేలేదాకా ఆగే వీలు లేదు. సాయంత్రానికి ప్రూఫ్ ఇవ్వాలి, రేపటికి ప్లేటుకి వెళ్లాలి. ఈ వ్యాసం ఆ ఆపరేటర్ కోసం, పక్క గదిలో టాలీ ముందు కూర్చునే అకౌంటెంట్ కోసం, నలుగురైదుగురితో షాపు నడిపే ఓనర్ కోసం.

చెప్పదలచుకున్నది ఇదీ. మీ చేతి కింద ఉన్న సాఫ్ట్‌వేర్‌కి, ఫాంట్‌కి, ఫోటోకి, టెక్స్ట్‌కి ఏదో ఒక కాగితం చూపగలగాలి. బిల్లు కావచ్చు, లైసెన్స్ మెయిల్ కావచ్చు, అనుమతి ఇస్తూ రాసిన వాట్సాప్ మెసేజ్ కావచ్చు, హక్కుల గడువు తీరిందని చూపే లెక్క కావచ్చు. ఏదీ లేకపోతే చిక్కు వచ్చిన రోజు ముందు నిలబడాల్సింది ఆ సీట్లో కూర్చున్నవాళ్లే.

చట్టం ఎవరిని చూస్తుంది

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. 1994 సవరణతో అందులోకి సెక్షన్ 63బి వచ్చింది. అక్రమ కాపీ అని తెలిసి కూడా ఒక ప్రోగ్రామ్‌ని కంప్యూటర్‌లో వాడితే కనీసం 7 రోజులు, గరిష్ఠంగా 3 ఏళ్లు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా అని ఆ సెక్షన్ చెబుతుంది. లాభం కోసమో వ్యాపారంలోనో వాడకపోతే జైలు లేకుండా 50 వేల లోపు జరిమానాతో సరిపెట్టే వీలు కోర్టుకి ఉంది. డబ్బు తీసుకుని శుభలేఖ వేసే షాపుకి ఆ వెసులుబాటు దొరకదు.

ఈ సెక్షన్ ఓనర్ దగ్గరే ఆగిపోదు, కీబోర్డు ముందున్న మనిషి దాకా వస్తుంది. చాలామంది ఆపరేటర్లు "సాఫ్ట్‌వేర్ షాపుది, నాది కాదు" అనుకుని నిశ్చింతగా ఉంటారు. ఆ నిశ్చింతకి ఆధారం లేదు. ఓనర్లకీ మేనేజర్లకీ సెక్షన్ 69 ఉంది. సంస్థ పేరున నేరం జరిగితే ఆ సమయంలో వ్యవహారాలు చూస్తున్న బాధ్యుణ్ణి కూడా దోషిగా చూస్తుంది. భాగస్వామ్య ఫర్మ్‌కి కూడా ఇది వర్తిస్తుంది. తనకు తెలియకుండా జరిగిందని గాని, జరగకుండా తగిన జాగ్రత్త తీసుకున్నానని గాని రుజువు చేసుకోవాల్సింది ఆ మనిషే. జీతం పెద్దగా పెంచకుండా "బ్రాంచ్ ఇన్‌ఛార్జ్" అని విజిటింగ్ కార్డు చేతిలో పెట్టారంటే, ఆ హోదాతో పాటు ఈ బాధ్యత కూడా వచ్చిందని గుర్తుంచుకోండి.

ఇతరుల పుస్తకాన్ని అచ్చు వేసి అమ్మడం, క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ పెన్‌డ్రైవ్‌లో పెట్టి అమ్మడం లాంటివి సెక్షన్ 63 కిందకి వస్తాయి. 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా శిక్ష ఉండే ఈ నేరం కాగ్నిజబుల్, నాన్-బెయిలబుల్ అని 2022 మే 20న నిట్ ప్రో ఇంటర్నేషనల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే పోలీసులు వారెంట్ లేకుండా అరెస్టు చేయవచ్చు. సెక్షన్ 64 ప్రకారం ఎస్సై, ఆపై స్థాయి అధికారి ఆ కాపీలనీ, వాటిని తయారు చేసే సామగ్రినీ స్వాధీనం చేసుకోవచ్చు.

ఇంత చదివాక భయపడిపోవాల్సిన పనీ లేదు. పోలీసులు డీటీపీ సెంటర్లన్నీ వరసగా వెతుక్కుంటూ రారు. లైసెన్స్ లేకుండా వాడేవాళ్లు తక్కువ మందేమీ కారు. 2017లో మన దేశంలో కంప్యూటర్లలో ఎక్కించిన సాఫ్ట్‌వేర్‌లో 56 శాతానికి లైసెన్స్ లేదని సాఫ్ట్‌వేర్ కంపెనీల సంఘం బీఎస్‌ఏ 2018లో అంచనా వేసింది. లెక్క కట్టింది కంపెనీల సంఘమే కాబట్టి దాన్ని ఆ మేరకే చూడాలి. అయినా మన వీధుల్లో కనిపించేదానికి అది మరీ దూరం కాదు. నలుగురూ వాడుతున్నారన్నది మాత్రం నోటీసుకి జవాబుగా పనికిరాదు.

నోటీసు ఎలా వస్తుంది

సాధారణంగా చిక్కు మొదలయ్యేది పోలీసులతో కాదు, ఒక ఈమెయిల్‌తో. ఇప్పటి డిజైన్ ప్యాకేజీలు నెట్‌కి తగిలించిన సిస్టమ్‌లో ఎక్కించగానే కంపెనీ సర్వర్‌తో మాట్లాడతాయి. క్రాక్ కాపీ అయితే ఆ సంగతి అక్కడికి చేరుతుంది. ముందు తెర మీద హెచ్చరిక వస్తుంది, కొన్నిట్లో సేవ్, ప్రింట్ ఆగిపోతాయి. ఆ తరవాత కంపెనీ తరఫున మెయిల్, ఇంకా తరవాత లాయర్ నోటీసు. మానేసి వెళ్లిన ఉద్యోగి ఇచ్చిన సమాచారంతో మొదలయ్యేవి కూడా ఉంటాయి.

ఉత్తరాలకి పలకకపోతే సివిల్ దావా వేయొచ్చు. సెక్షన్ 62 ప్రకారం హక్కుదారు తాను వ్యాపారం చేస్తున్న చోటే దావా వేసుకోవచ్చు. ఢిల్లీలో ఆఫీసున్న కంపెనీ ఢిల్లీలో వేస్తే గవర్నర్‌పేట షాపు ఢిల్లీలో లాయర్‌ని పెట్టుకోవాలి. సాఫ్ట్‌వేర్ కేసుల్లో కోర్టు లోకల్ కమిషనర్‌ని నియమించి, ముందు చెప్పకుండా పంపడం కూడా ఉంది. కమిషనర్‌తో పాటు టెక్నీషియన్ వస్తాడు, ప్రతి సిస్టమ్‌లో ఏముందో రాసుకుంటాడు.

ఆ రోజు ఎక్కువమంది చేసే తప్పు గబగబా అన్‌ఇన్‌స్టాల్ కొట్టడం, హార్డ్ డిస్క్ ఫార్మాట్ చేయడం. చెరిపేసిన ఆనవాళ్లు సిస్టమ్‌లో మిగిలే ఉంటాయి. కోర్టు ఉత్తర్వు వచ్చాక చెరిపితే ఆధారాలు మాయం చేశారన్న ఇంకో ఆరోపణ నెత్తిన పడుతుంది. ఉత్తర్వు కాపీ అడిగి తీసుకోండి, చదవండి, లాయర్‌కి ఫోన్ చేయండి, అడిగినవి చూపించండి. నోటికొచ్చిన వివరణలు ఇవ్వకండి, చదవకుండా సంతకం పెట్టకండి. ఆపరేటర్ అయితే ఓనర్ తరఫున ఏ హామీ ఇవ్వకండి.

వచ్చిన ప్రతి నోటీసూ నిజమైనది కాదు. "మీ షాపులో పైరసీ దొరికింది, ఇప్పుడే కడితే కేసు ఉండదు" అని ఫోన్ చేసి యూపీఐకి డబ్బు అడిగేవాడు మోసగాడు. అసలు కంపెనీ మెయిల్ దాని సొంత డొమైన్ నుంచి వస్తుంది. అనుమానం ఉంటే అందులో ఉన్న లింకు నొక్కకుండా కంపెనీ వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకి మీరే ఫోన్ చేసి అడగండి. డబ్బు పోయిందని తెలియగానే 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే అంత మంచిది.

క్రాక్‌తో పాటు వచ్చేది

కోర్టు ఎప్పుడో గాని రాదు. వైరస్ మాత్రం రోజూ వస్తుంది. క్రాక్ ఎక్కించే ముందు యాంటీవైరస్ ఆపేయమని సూచన ఉంటుంది, మనవాళ్లు ఆపేస్తారు. అప్‌డేట్ చేస్తే క్రాక్ పోతుందని విండోస్ అప్‌డేట్లు కూడా ఆపేస్తారు. అలా ఏళ్ల తరబడి నడిచే సిస్టమ్‌లోకి కస్టమర్ల పెన్‌డ్రైవ్‌లు వస్తుంటాయి, పోతుంటాయి.

2017 మే 12న ప్రపంచమంతా పాకిన వనక్రై వైరస్ అప్పట్లో మనం ఉన్న కృష్ణా జిల్లాను కూడా వదల్లేదు. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలో కృష్ణా, గుంటూరు, చిత్తూరు సహా కొన్ని జిల్లాల కంప్యూటర్లకి అది సోకింది. ఫైళ్లు లాక్ చేసి, తెరవాలంటే బిట్‌కాయిన్‌లో డబ్బు కట్టమంది. ఆ లోపాన్ని పూడ్చే అప్‌డేట్‌ని మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలో, ఇచ్చింది. అది ఎక్కించుకున్న విండోస్ సిస్టమ్‌లు ఆ దాడికి తట్టుకున్నాయి, ఎక్కించుకోనివి దొరికిపోయాయి.

డిసెంబరు నెలను ఊహించుకోండి. క్యాలెండర్లు, డైరీలు, బుక్ ఫెస్టివల్‌కి రావాల్సిన పుస్తకాలు, అన్నీ ఒకేసారి మీద పడి ఉంటాయి. ఆ వారంలో పదేళ్ల ఫైళ్లు లాక్ అయితే ఆ నష్టం ముందు ఏ లైసెన్స్ ధరా లెక్కలోకి రాదు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు కూడా ఆగిపోయింది. విండోస్ 7 కథ 2020 జనవరి 14నే ముగిసింది. పేజ్‌మేకర్ కోసం విండోస్ 7 ఉంచుకున్న సిస్టమ్ ఉంటే దానికి నెట్ కేబుల్ తీసేయండి. ఫైళ్లు దానికి ఇచ్చేముందు వేరే సిస్టమ్‌లో స్కాన్ చేయండి. పూర్తయిన పనులు రోజూ ఒక హార్డ్ డిస్క్‌లోకి తీసి, ఆ డిస్క్‌ని ఊడదీసి బీరువాలో పెట్టండి. సిస్టమ్‌కి తగిలించే ఉంచిన బ్యాకప్‌ని కూడా వైరస్ లాక్ చేసేస్తుంది.

ఏది కొనాలి, ఏది మానాలి

"అన్నీ కొంటే షాపు మూసుకోవాలి" అని ఓనర్లు అంటారు. అన్నీ కొనక్కర్లేదు. ఆరు సిస్టమ్‌ల షాపు ఒకటి తీసుకోండి. ఆరింటిలోనూ కోరల్‌డ్రా, ఫోటోషాప్, ఎంఎస్ ఆఫీస్, ఇంకో నాలుగు ప్యాకేజీలు ఎక్కించి ఉంటాయి. అసలు ఎవరు ఏది వాడుతున్నారని ఒక వారం రాసి చూస్తే, ఫోటోషాప్ పని రెండు సీట్లలోనే జరుగుతుందని, ఒక సిస్టమ్ బిల్లింగ్‌కి తప్ప దేనికీ వాడటం లేదని, ఒకటి టైపింగ్‌కే ఉందని తేలుతుంది. టైపింగ్, బిల్లింగ్ సీట్లకి లిబ్రే ఆఫీస్ చాలు. ఫోటోషాప్ రెండిటికే కొనాలి, మిగతా నాలుగిట్లోంచి తీసేయాలి. తీసేయడం అన్నది ముఖ్యం. వాడకపోయినా సిస్టమ్‌లో ఉన్న క్రాక్ కాపీ తనిఖీలో కాపీగానే లెక్కకి వస్తుంది.

ఉచిత సాఫ్ట్‌వేర్ గురించి గొప్పలు నమ్మి ఒక్క రోజులో మారిపోవద్దు. ఇంక్‌స్కేప్ మంచిది, లోగోకి, బ్యానర్‌కి పనికొస్తుంది. కాని ఆఫ్‌సెట్ ప్రెస్‌కి కావలసిన నాలుగు రంగుల సెపరేషన్ దగ్గర అదీ, గింప్ కూడా ఇబ్బంది పెడతాయి. పేజీ కంపోజింగ్‌కి స్క్రైబస్ ఉంది. దాని కొత్త వెర్షన్లలో తెలుగు వత్తులు, గుణింతాలు సరిగ్గా పడతాయి. ముందు ఎనిమిది పేజీల కరపత్రం చేసి, మీ ప్రెస్‌కి పంపి, ప్లేటు తీయించి చూశాకే నిర్ణయం తీసుకోండి.

కొనేటప్పుడు జీఎస్‌టీ బిల్లు తీసుకోండి. కాంపోజిషన్ పథకంలో కాకుండా మామూలు జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ ఉన్న షాపుకి సాఫ్ట్‌వేర్ మీద కట్టిన 18 శాతం పన్ను ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగొస్తుంది. చాలామంది ఈ లెక్క వేయరు. నాలుగైదు వందలకి "లైఫ్‌టైమ్ కీ" అని ఆన్‌లైన్‌లో అమ్మేవాటి జోలికి పోవద్దు. ఏదో పెద్ద సంస్థకి ఇచ్చిన కీని పదిమందికి అమ్మి ఉంటారు. కొన్ని నెలలు పనిచేసి ఆగిపోతుంది, బిల్లు అడిగితే ఎవరూ ఉండరు.

ఉచితమని వాడేవాటిలో కూడా మెలిక ఉంటుంది. ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్‌ల ఉచిత వెర్షన్ సొంత వాడకానికే. పది మంది క్లయింట్ల సిస్టమ్‌లలోకి వెళ్లి టాలీ సరిచేసే అకౌంటెంట్ దాన్ని వాడితే అది వ్యాపార వాడకం. సాఫ్ట్‌వేర్ అది పసిగట్టి రిటర్న్‌ల గడువు రోజునే కనెక్షన్ తెంపేయవచ్చు. ఆఫీస్ 2021 హోమ్ అండ్ స్టూడెంట్ ఎడిషన్ కూడా ఇంటికి తప్ప షాపుకి కాదు. డబ్బిచ్చి కొన్నా లైసెన్స్ తప్పే.

పేజ్‌మేకర్, తెలుగు ఫాంట్లు

మన దగ్గర పుస్తకాల కంపోజింగ్ పాతికేళ్ల పాటు పేజ్‌మేకర్ మీద నడిచింది. 1985లో ఆల్డస్ కంపెనీ తెచ్చింది, 1994లో ఆ కంపెనీని అడోబ్ కొంది, 2001లో వచ్చిన 7.0 తరవాత కొత్త వెర్షన్ రాలేదు. "అమ్మడమే మానేశారు, ఇప్పుడు ఎవరిదైనా వాడొచ్చు" అని నమ్మకంగా చెప్పేవాళ్లు ఉన్నారు. అది తప్పు. అమ్మకం ఆగినంత మాత్రాన కాపీరైట్ ఆగదు. అప్పట్లో కొన్న సీడీ, బిల్లు ఉన్నవాళ్లు భద్రంగా దాచుకోండి. లేనివాళ్లకి పాత ఫైళ్లు తెరవడానికి తప్ప కొత్త పనికి అది వద్దనే నా సలహా. పేజ్‌మేకర్‌కి యూనికోడ్ రాదు. పత్రికలు, ప్రచురణకర్తలు, ప్రభుత్వ ఆఫీసులు యూనికోడ్ టెక్స్ట్ అడుగుతున్న రోజులివి. పేజ్‌మేకర్, పాత ఫాంట్ తప్ప ఇంకేదీ రాని ఆపరేటర్‌కి జీతం పెరగడం కష్టం.

అనూ లాంటి పాత తెలుగు ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాలకి కేటాయించిన కోడ్‌ల మీద తెలుగు ముక్కల్ని కూర్చి పెట్టినవి. అందుకే ఆ ఫాంట్ లేని సిస్టమ్‌లో తెరిస్తే పిచ్చి ఇంగ్లీషు కనిపిస్తుంది. కస్టమర్ "ఫైల్ తెరుచుకోవట్లేదు" అనగానే చాలామంది ఫాంట్ ఫైల్‌ని కూడా వాట్సాప్‌లో పంపేస్తారు. ఫాంట్ ఫైల్ కూడా సాఫ్ట్‌వేరే, దానికీ లైసెన్స్ ఉంది. మీ షాపుకి ఇచ్చిన లైసెన్స్ కస్టమర్‌కి పంచే హక్కు ఇవ్వదు. పీడీఎఫ్ చేసి ఇవ్వండి, లేదా అక్షరాల్ని కర్వ్స్‌గా మార్చి ఇవ్వండి.

డబ్బు పెట్టకుండా, భయం లేకుండా వాడుకునే తెలుగు ఫాంట్లు ఇప్పుడు బోలెడున్నాయి. ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం, సిలికానాంధ్ర కలిసి తెచ్చిన రామభద్ర, మల్లన్న, మండలి, గురజాడ, సురన్న, ధూర్జటి, ఎన్టీఆర్, రవిప్రకాశ్ లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి. నోటో తెలుగు కూడా అక్కడే ఉంది. ఇవి ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉన్నాయి. పుస్తకం వేసి అమ్ముకోవచ్చు, ఫ్లెక్సీ కొట్టొచ్చు, ఫైల్‌తో పాటు ఫాంట్‌ని కస్టమర్‌కి ఇవ్వొచ్చు. ఫాంట్‌ని విడిగా అమ్మకూడదు. డౌన్‌లోడ్‌తో పాటు వచ్చే లైసెన్స్ టెక్స్ట్ ఫైల్‌ని చెరపకుండా అదే ఫోల్డర్‌లో ఉంచండి. మీ కాగితం అదే.

పాత టెక్స్ట్‌ని యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, వాడండి. కాని మార్చాక ప్రూఫ్ మళ్లీ మొదటి నుంచి చదవాలి. మధ్యలో ఉన్న ఇంగ్లీషు మాటల్ని కన్వర్టర్ తెలుగు అనుకుని చెడగొడుతుంది. వత్తులు తారుమారవుతాయి. ధరల పట్టికలో, మందుల డోసుల్లో, పరీక్ష గైడ్ జవాబుల్లో అలాంటి పొరపాటు అచ్చయిపోతే బాధ్యత కన్వర్టర్‌ది కాదు.

ఓపెన్ ఫైల్ ఎవరిది?

షాపుల్లో అన్నిటికన్నా ఎక్కువ గొడవలు ఇక్కడే. ఒక స్వీట్ షాపు లోగో చేయించుకుంది, డబ్బు కట్టింది. రెండేళ్ల తరవాత వేరే డిజైనర్ దగ్గరికి పోతూ "మా కోరల్ ఫైల్ ఇవ్వండి" అంది. మీ ఓనర్ ఇవ్వనన్నాడు. డబ్బిచ్చింది మేమే కదా అని వాళ్లు, గీసింది మేం కదా అని మీరు.

సెక్షన్ 17 చెప్పేది స్థూలంగా ఇది. మీరు జీతం మీద ఉద్యోగిగా చేసిన పనికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు మీ యజమాని. ఫోటో, పెయింటింగ్, పోర్ట్రెయిట్, సినిమా లాంటివి డబ్బిచ్చి చేయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, చేయించుకున్నవారివి. పెళ్లి ఫోటోలు పెళ్లివారివి కావడానికి కారణం అదే. కాని లోగో డిజైన్, పుస్తకం ముఖచిత్రం లేఅవుట్, కరపత్రం రాత ఆ జాబితాలో కనిపించవు. ఫ్రీలాన్సర్ చేస్తే, రాతపూర్వకంగా బదిలీ చేయనంత వరకు హక్కు ఫ్రీలాన్సర్‌దే అని వాదించడానికి గట్టి ఆధారం ఉంది. కస్టమర్ దగ్గర రసీదు ఉన్నంత మాత్రాన హక్కు బదిలీ అయినట్టు కాదు.

సెక్షన్ 19 ప్రకారం బదిలీ రాతలో ఉండాలి, సంతకం ఉండాలి. ఎంతకాలానికో రాయకపోతే 5 ఏళ్లకే అని, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే అని చట్టం అనుకుంటుంది. దీన్ని ఆర్డర్ ఫారం మీద రెండు వాక్యాల్లో తేల్చేయవచ్చు: "పూర్తి సొమ్ము అందాక ఈ డిజైన్ హక్కులు కాపీరైట్ గడువు మొత్తానికి, అన్ని దేశాలకి కస్టమర్‌కి చెందుతాయి. ఓపెన్ ఫైల్ ధర ఇంత, లేదా ఓపెన్ ఫైల్ ఇవ్వబడదు." ఆర్డర్ తీసుకునేటప్పుడే ఈ మాట అడిగితే ఎవరూ నొచ్చుకోరు. రెండేళ్ల తరవాత అడిగితే స్నేహాలు పోతాయి.

ఉద్యోగం మారుతున్నప్పుడు పాత షాపు ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లో వేసుకుపోవడం కొందరికి అలవాటు. నేను గీసినవే కదా అనుకుంటారు. జీతం మీద గీసినవి యజమానివి. పోర్ట్‌ఫోలియో కోసం కావాలంటే, మానేయకముందే ఓనర్‌ని అడిగి జేపీజీలు తీసుకోండి, ఒప్పుకున్నట్టు మెసేజ్ పెట్టించుకోండి. ఫ్రీలాన్స్ పని రాత్రిళ్లు షాపు సిస్టమ్‌లో, షాపు సాఫ్ట్‌వేర్‌తో చేస్తే అది ఎవరిదన్న గొడవ తప్పదు. మీ లాప్‌టాప్ మీద, మీ లైసెన్స్‌తో చేసుకోండి.

నెట్‌లో దొరికిన బొమ్మ, స్కాన్ దొరికిన పుస్తకం

శుభలేఖ మీద బాపు బొమ్మ కావాలని అడగని పెళ్లివారు అరుదు. బాపు 2014 ఆగస్టు 31న పోయారు. సృష్టికర్త మరణించిన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది, అంటే 2074 చివరిదాకా. ఆ బొమ్మల్ని అచ్చు వేసి అమ్మాలంటే హక్కుదారుల అనుమతి కావాలి. రాజా రవివర్మ 1906లో పోయారు, ఆయన చిత్రాలకి గడువు ఎప్పుడో తీరింది. లక్ష్మీ, సరస్వతి బొమ్మలు కావాలంటే అటు వెళ్లండి.

పుస్తకాలకి కూడా ఇదే లెక్క. ఏలూరు రోడ్డు పుస్తకాల షాపుల చుట్టూ బతికే మనకి ఇది చేతి వేళ్ల మీద ఉండాలి. ఉన్నవ లక్ష్మీనారాయణ 1958లో పోయారు కాబట్టి ఆయన బతికుండగా అచ్చయిన 'మాలపల్లి' 2019 జనవరి 1 నుంచి ఎవరైనా వేసుకోవచ్చు. మన ఊళ్లో ఉండి రాసిన విశ్వనాథ సత్యనారాయణ 1976లో పోయారు, 2036 చివరిదాకా అనుమతి కావాలి. జాషువా 1971, అంటే 2031 చివరిదాకా. శ్రీశ్రీ 1983, అంటే 2043 చివరిదాకా.

కవి తిలక్ దగ్గర జాగ్రత్తగా ఉండాలి. ఆయన 1966లో పోయారు. ఆ లెక్కన 2026తో గడువు తీరుతుంది. కాని 'అమృతం కురిసిన రాత్రి' సంపుటి వచ్చింది ఆయన పోయాక, 1968లో. రచయిత బతికుండగా ఎక్కడా అచ్చవని రచనకి సెక్షన్ 24 ప్రకారం 60 ఏళ్లు ప్రచురణ నుంచి లెక్కపెట్టాలి. ఆయన ఉండగానే పత్రికల్లో వచ్చిన కవితలకి ఒక గడువు, సంపుటిలోనే మొదటిసారి అచ్చయిన కవిత ఏదైనా ఉంటే దానికి 2028 చివరిదాకా ఇంకో గడువు. పైగా పాత పుస్తకానికి ఎవరో ఈమధ్య రాసిన ముందుమాట, వివరణలు, ముఖచిత్రం విడిగా రక్షణలో ఉంటాయి. మూల పాఠమే తీసుకోవాలి.

"ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో స్కాన్ దొరికింది" అన్నది అనుమతి కాదు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన వేల తెలుగు పుస్తకాల్లో గడువు తీరనివి కూడా ఉన్నాయి. చదువుకోవడం వేరు, ప్లేటు వేయడం వేరు. కస్టమర్ తెచ్చిన టెక్స్ట్‌కి బాధ్యత కస్టమర్‌దేనని ఆర్డర్ ఫారం మీద రాయించుకోవడం మంచిదే. దానితోనే ప్రింటర్ పూర్తిగా బయటపడడు. స్పష్టంగా వేరేవారి పుస్తకం అని కనిపిస్తుంటే ఆ ఆర్డర్ వదులుకోండి.

ఏఐతో చేసిన బొమ్మల విషయం ఇంకా తేలలేదు. 2024 నవంబరులో ఏఎన్ఐ వార్తా సంస్థ ఓపెన్ ఏఐ మీద ఢిల్లీ హైకోర్టుకి వెళ్లింది, తన వార్తల్ని అనుమతి లేకుండా వాడుకున్నారని. కస్టమర్‌కి ట్రేడ్‌మార్క్‌గా పనికిరావాల్సిన లోగోని ఏఐతో చేసి ఇవ్వకండి. ముసాయిదాకి, ఆలోచనకి వాడుకోండి, చివరి బొమ్మ మీరు గీయండి.

ఓనర్‌కి ఎలా చెప్పాలి

"సార్, మన దగ్గర అంతా పైరసీయే" అని పదిమంది ముందు అంటే ఆ రోజుతో మీ మాటకి విలువ పోతుంది. ముందు ఒక పట్టిక చేయండి. ఏ సిస్టమ్, ఏ సాఫ్ట్‌వేర్, ఏ వెర్షన్, బిల్లు ఉందా, ఎవరు వాడుతున్నారు. ఒక ఎక్సెల్ షీటు చాలు. దానికి ఇంకో గడి చేర్చండి: కొనాలా, ఉచితమైనది పెట్టాలా, తీసేయాలా. ఓనర్ ఖాళీగా ఉన్నప్పుడు నంబర్లతో చూపించండి. ఈ నెల ఒకటి, సీజన్ డబ్బులొచ్చాక రెండు అని క్రమం మీరే చెప్పండి. సమస్య తెచ్చేవాళ్లని ఓనర్లు తప్పించుకుంటారు. లెక్కతో వచ్చేవాళ్లకి కూర్చోమని కుర్చీ చూపిస్తారు.

మీరు చెప్పింది మెసేజ్ రూపంలో కూడా ఉండనివ్వండి. అది మిమ్మల్ని పూర్తిగా కాపాడుతుందని అనుకోకండి. అక్రమమని మీకు తెలుసని కూడా అదే మెసేజ్ చూపిస్తుంది. అందుకే చెప్పాక చేతులు దులుపుకోకుండా, మీ సీటు వరకైనా లైసెన్స్ ఉన్నవాటికి మారే ప్రయత్నం చేయండి. క్రాక్ ఎక్కించమని ఎవరడిగినా మీ చేత్తో ఎక్కించకండి. "నాకు రాదు" అని అబద్ధం చెప్పక్కర్లేదు, "నేను ఎక్కించను సార్, ఉచితమైనది పెట్టి పని చేసి చూపిస్తా" అనండి. ఆ మాట మీద ఉద్యోగం పోయే ప్రమాదం ఉంటుందా? కొన్ని షాపుల్లో ఉంటుంది. ఇంట్లో అద్దె, పిల్లల ఫీజులు ఉన్నవాళ్లకి అది చిన్న విషయం కాదని తెలుసు. అలాంటి చోట ఉంటే లైసెన్స్ ఉన్న సాఫ్ట్‌వేర్ మీద, యూనికోడ్ మీద పని నేర్చుకుంటూ వేరే చోటు చూసుకోండి. ఆ రెండూ వచ్చిన ఆపరేటర్‌కి హైదరాబాద్‌లోనూ, ఇంటి నుంచే చేసే ఆన్‌లైన్ పనుల్లోనూ గిరాకీ ఉంది.

తాకిడి తక్కువగా ఉన్న రోజు ఒకటి చూసుకుని, మీరు కూర్చునే సిస్టమ్‌తోనే ఆ పట్టిక మొదలుపెట్టండి.